ఏకాగ్రత దేనిపై?

ఏకాగ్రత సుగుణమే. కాని పెదపారుపూడి రైతు గట్టున ఎండ్రకాయ బొరియను పూడ్చుటలో లీనమై, తెరచిన తూమును మరచినచో చేను మునుగును.

1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలోని మయామీ చెంత ఒక విమానమున ముందుచక్రము దిగినదని తెలుపు చిన్న దీపము వెలుగలేదు. చోదకుల దృష్టియంతయు దానిపైననే నిలిచెను. 2000 అడుగుల ఎత్తున సాగవలసిన విమానము మెల్లగా క్రిందికి జారుట వారు గమనింపలేదు. హెచ్చరిక గంట మ్రోగినను చెవి కెక్కలేదు. 101 మంది మరణించిరి. చక్రము సరిగానే దిగియున్నది, చెడినది దీపమే!

అర్జునుడు పక్షి కంటినే చూచెను. అది అతని లక్ష్యము. ఆ దీపము చోదకుల లక్ష్యము కాదు. ప్రయాణికుల క్షేమము వారి లక్ష్యము. ప్రమిదలు సవరించుచు స్వామిని మరచు భక్తుడును ఇట్లే జారుచుండును. జారుట అతనికిని తెలియదు.