జలపాతం మనకు బాకీ పడిందా?

ఆశించినది దొరకనప్పుడు మనిషి బాధపడతాడు. ఇది సహజం. ఇస్లాం ఈ బాధను తప్పుగా పరిగణించదు. చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (సఅసం) కన్నీరు కార్చారు. కాని ఆయన నోట దైవ నిర్ణయాన్ని తప్పుపట్టే మాట ఒక్కటి కూడా రాలేదు. బాధ వేరు, ఫిర్యాదు వేరు. ఈ విషయం మనలో చాలామందికి తెలుసు. మరి పెద్ద పెద్ద ఆపదల్లో సహనం వహించేవారు సైతం ఒక చిన్న విహారయాత్ర చెడిపోతే ఎందుకు నిగ్రహం కోల్పోతున్నారు?

ఒక ఉదాహరణ చూద్దాం. ఆ మధ్య మేము నాలుగు కుటుంబాల వాళ్ళం అరకు నుండి డుడుమ జలపాతం చూడటానికి వెళ్ళాము. ఫజ్ర్ నమాజు చేసుకొని బయలుదేరి, రాత్రికి తిరిగివచ్చే ప్రయాణం. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుల్లో మాచ్‌ఖండ్ నది సుమారు 175 మీటర్ల ఎత్తు నుండి లోయలోకి దూకే చోటు అది. దాన్ని ఫోటో తీయాలని మాలో ఒక సోదరుడు మంచి కెమెరా, స్టాండు వెంట తెచ్చుకున్నారు. తీరా వెళ్ళి చూస్తే, నల్లటి బండ మీదుగా దారంలా జారుతున్న సన్నని ధార! "దీని కోసమా ఇంత దూరం వచ్చింది?" అన్నారాయన. ఇక అక్కడి నుండి పెట్రోలు లెక్క, సెలవు లెక్క మొదలయ్యాయి. ఇంటి నుండి తెచ్చుకున్న అన్నం కూడా రుచించలేదు. అప్పటిదాకా సీతాకోకచిలుకల వెంట పరుగులు తీసిన పిల్లలు పెద్దల ముఖాలు చూసి మౌనం వహించారు.

నీరు ఎక్కడికి పోయింది?

ఆ జలపాతానికి ఎగువన జోలాపుట్ జలాశయం ఉంది. నది నీటిని మళ్ళించి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్లను తిప్పుతారు. ఇది ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. 1955లో ఇక్కడ విద్యుదుత్పత్తి మొదలైంది. వానలు బాగా కురిసి, మిగులు నీరు వదిలినప్పుడే జలపాతం నిండుగా కనిపిస్తుంది. మిగతా రోజుల్లో ఆ నీరు మాయమైపోలేదు. మన కంటికి కనబడని దారిలో వెళ్ళి ఎవరి ఇంట్లోనో దీపమై వెలుగుతోంది. ఆ తర్వాత మళ్ళీ నదిలో కలిసి, దిగువన సీలేరు పేరుతో పారి, శబరి ద్వారా గోదావరికి చేరుతుంది. మనం కెమెరా ఛార్జి చేసుకునేది కూడా ఇలాంటి విద్యుత్తుతోనే కదా!

మరో విషయం కూడా ఉంది. ఆ జలాశయం నిండినప్పుడు ఎన్నో గిరిజన పల్లెలు మునిగిపోయాయి. వారు కోల్పోయింది ఒక ఫోటో కాదు. ఇల్లు, పొలం, పుట్టిన నేల. ఇతరుల కష్టంతో పోల్చుకొని మన బాధను తేలిక చేసుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. మన సౌకర్యానికి మూల్యం చెల్లించినవారు ఉన్నారని గుర్తుంచుకోవడం కూడా కృతజ్ఞతలో భాగమే.

హక్కా? అనుగ్రహమా?

అసలు లోపం ఎక్కడుంది? ఆశపడటంలో లేదు. ఆశను హక్కుగా మార్చుకోవడంలో ఉంది. ఏదో ఒక వర్షాకాలపు రోజున ఎవరో తీసిన చిత్రాన్ని చూస్తాము. ప్రకృతి మన కోసం ప్రతిరోజూ అలాగే ఉండాలని మనసులోనే ఒప్పందం రాసుకుంటాము. డబ్బుతో ప్రయాణం కొనవచ్చు, వర్షాన్ని కొనలేము.

"డబ్బు, సమయం వృధా అయితే బాధ కలగదా?" అని ఎవరైనా అడగవచ్చు. కలుగుతుంది. అందుకే వెళ్ళేముందు ఏ కాలంలో వెళ్ళాలో, నీరు ఉందో లేదో విచారించుకోవాలి. ముందు ఒంటెను కట్టి, ఆ పైన అల్లాహ్‌పై భారం వేయమన్నదే ప్రవక్త బోధన. కాని మన ప్రయత్నం మనం చేసిన తర్వాత దొరికింది ఎంతైనా అది అనుగ్రహమే.

దైవప్రవక్త (సఅసం) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. ఒక రోజు కూడా మన ముందు వడ్డించిన విస్తరి లాంటిదే. అందులో ఒక్క పదార్థం తగ్గిందని మొత్తం విస్తరిని తోసేయడం ఏం న్యాయం? క్షేమంగా సాగిన ప్రయాణం, తోడున్న ఆలుబిడ్డలు, అడవి గాలి, నమాజు చేసుకోవడానికి దొరికిన చోటు - ఇవేవీ లెక్కలోకి రావా? దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో కఠిన హృదయాలను రాళ్ళతో పోల్చి, రాళ్ళలో సైతం నీరు ఉబికేవి ఉన్నాయని గుర్తుచేస్తుంది. బండ నుండి సన్నని ధార అయినా జారుతోంది. ఆశాభంగం కలిగిన పూట మన నోటి నుండి ఒక్క కృతజ్ఞతా వచనమైనా జారుతోందా?

తల్లిదండ్రులు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. షుక్ర్, సబ్ర్ అనే మాటల అర్థం పిల్లలు మన ఉపన్యాసాల కన్నా మన ప్రవర్తన చూసే ఎక్కువగా నేర్చుకుంటారు. చూసిన ప్రదేశం పేరు వారు మరచిపోవచ్చు. అనుకున్నది జరగని రోజున అమ్మానాన్నలు ఎలా మాట్లాడారో మాత్రం వారి మనసులో నిలిచిపోతుంది.

ఇచ్చినదాన్ని చూసే కళ్ళను, ఇవ్వనిదాన్ని భరించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.