విజయదినమున కన్నీరు

పఠనభాగము: 2 సమూయేలు 19:1-8, రోమా 12:15

2025వ సంవత్సరము మే నెల 31వ తేదీ రాత్రి జర్మనీ దేశములోని మ్యూనిక్ నగరమున ఐరోపా ఖండపు ఫుట్‌బాల్ క్లబ్బుల కడపటి పోటీ జరిగెను. పారిస్ సెయింట్ జర్మేన్ జట్టు ఇటలీ దేశపు ఇంటర్ మిలాన్ జట్టును 5-0 గోల్స్‌తో ఓడించెను. ఆ పోటీల కడపటి ఆటలో అంత తేడాతో అంతకుముందు ఏ జట్టును గెలువలేదు. పారిస్ జట్టునకు ఆ బహుమానము లభించుటయు అదే మొదటిసారి. అట్టి రాత్రి అభిమానులు ఎట్లు కేకలు వేయుదురో, ఎట్లు గంతులు వేయుదురో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఆట ముగిసిన పిమ్మట ఆ అభిమానులు ఒక గొప్ప వస్త్రమును విప్పి ఎత్తి పట్టుకొనిరి. దానిమీద చిత్రింపబడినది గోల్ చేసిన ఆటగాడు కాదు. ఒక తండ్రి మైదానమునందు జట్టు జెండాను నాటుచున్నాడు. ఆయన ప్రక్కన ఒక చిన్నబిడ్డ నిలిచియున్నది. ఆ తండ్రి జట్టు శిక్షకుడు, మనవారు కోచ్ అని పిలుచువాడు, స్పెయిన్ దేశస్థుడైన లూయిస్ ఎన్రికే. ఆ బిడ్డ ఆయన కుమార్తె షానా. ఆమె 2019 ఆగస్టు 29న, తొమ్మిదేండ్ల ప్రాయమున, ఎముకల క్యాన్సరుచేత మరణించెను.

ఆ చిత్రమునకు వెనుక కథ యొకటి కలదు. 2015 జూన్ 6న ఆయన బార్సిలోనా జట్టునకు శిక్షకుడుగానుండి, బెర్లిన్ నగరమున ఇదే బహుమానమును గెలిచినప్పుడు, తండ్రీకుమార్తెలు మైదానపు పచ్చికలో ఒక జెండాను నాటి ఆడుకొనిరి. పదియేండ్లు గడచెను. మరల విజయము వచ్చెను గాని బిడ్డ లేదు. తండ్రి ఒంటరిగా నిలిచిన ఆ చోట, పరాయి దేశపు జనసమూహము ఆ బిడ్డను ఆయన ప్రక్కన మరల నిలువబెట్టెను. వారు బొమ్మ గీయుటకంటె ఎక్కువ ఏమియు చేయలేకపోయిరి. అయినను వారు చేయగలిగినది చేసిరి.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ సంగతిని వినినప్పుడు నాకు దావీదు రాజు జ్ఞాపకమునకు వచ్చెను. అబ్షాలోము తిరుగుబాటు అణచబడిన దినమది. యుద్ధము గెలువబడెను, రాజ్యము నిలిచెను. కాని గుమ్మముపైని గదిలో రాజు కుమారుని పేరు పెట్టి ఏడ్చుచుండెను. ఆ దినపు జయము జనులందరికిని దుఃఖముగా మారెననియు, యుద్ధములో ఓడి సిగ్గుపడినవారివలె వారు దొంగచాటుగా పట్టణములో ప్రవేశించిరనియు లేఖనము తెలుపుచున్నది. నాయకుని యింట మరణము సంభవించినప్పుడు జనులు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న నేటిది కాదు. మహనయీములో దావీదు సైనికుల యెదుట నిలిచిన ప్రశ్నయే మ్యూనిక్ మైదానమున అభిమానుల యెదుటను నిలిచెను. అదియే ప్రతి సంఘము యెదుటను, ప్రతి వీధియందును నిలుచుచున్నది.

మొదట మౌనమును గూర్చి ఆలోచింతము.

2019 మార్చి నెలలో లూయిస్ ఎన్రికే స్పెయిన్ జాతీయ జట్టునకు శిక్షకుడుగానుండెను. జట్టు మాల్టా ద్వీపమున ఆడవలసియుండగా ఆయన అకస్మాత్తుగా ఇంటికి వెళ్లవలసివచ్చెను. కుటుంబకారణమని మాత్రమే లోకమునకు తెలిసెను. జూన్ 19న ఆయన పదవిని వదలుకొనెను. అంతటి ప్రసిద్ధుని యింట ఏమి జరుగుచున్నదో ఎరుగవలెనని ఆశపడువారు ఎందరుందురు! అయినను ఆ అయిదు నెలలు స్పెయిన్ దేశపు పత్రికలవారు చాలమట్టుకు ఆ గృహద్వారమును తట్టలేదు. మరణవార్తను తండ్రియే తెలియజేసెను. అప్పుడే దేశము ఏడ్చెను. ఆయన యౌవనములో ఆట ఆడిన దినములలో రియల్ మాడ్రిడ్ జట్టును విడిచి దాని ప్రత్యర్థియైన బార్సిలోనాలో చేరినవాడు. మాడ్రిడ్ అభిమానులు దానిని సులభముగా క్షమింపలేదు. కాని ఆ దినమున మాడ్రిడ్ జట్టువారును తమ సంతాపమును తెలిపిరి. చిన్న శవపేటిక యెదుట పాత పగలు తలవంచెను.

మన యిండ్లలో జరుగునదేమి? ఒక యింట మరణము కలిగెనని వినగానే మనము త్వరపడి వెళ్లుదుము. అది మంచిదే. కాని కూర్చుండకమునుపే ప్రశ్నలు మొదలగును. ఏ ఆసుపత్రిలో చూపించితిరి? ముందుగా ఎందుకు తీసికొని పోలేదు? ఎంత ఖర్చయ్యెను? పిమ్మట బోధ మొదలగును. దేవుడు మంచి పువ్వులనే కోసికొనునని ఒకరు, మీ విశ్వాసమునకు ఇది పరీక్షయని మరియొకరు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే వారు దేవుని గద్దింపునకు పాత్రులైరి.

ఈ మాటలు వ్రాయుచు నేను నన్ను తప్పించుకొనుటలేదు. నా పరిచర్యయొక్క తొలిదినములలో ఒక గ్రామమున ఆరేండ్ల పాప జ్వరముతో మరణింపగా నేను ఆ యింట కూడిక జరిపితిని. పునరుత్థానమును గూర్చి నలువది నిమిషములు మాటలాడితిని. బాగుగా మాటలాడితినని నాకు నేనే అనుకొంటిని. కొన్ని సంవత్సరములకు ఆ త్రోవను వెళ్లుచు వారి యింట ఆగితిని. ఆ తల్లి నాకు మంచినీళ్లిచ్చి ఇట్లనెను: "అయ్యగారూ, మీరు ఆ రోజు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదండి. పక్కింటి ముసలమ్మ వచ్చి, ఏమీ అనకుండా, మా గిన్నెలన్నీ తోమిపెట్టి వెళ్లింది. అది మాత్రం గుర్తుంది." నేను తలవంచుకొంటిని. ఆమె నన్ను నిందింపలేదు. ఉన్న సంగతి చెప్పినది, అంతే.

రెండవదిగా యోవాబును చూడుడి.

దావీదు ఏడ్చుచుండగా యోవాబు లోపలికి వచ్చెను. నీ సేవకులను సిగ్గుపరచుచున్నావు, లేచి వారితో మాటలాడుము, లేనియెడల ఈ రాత్రికే అందరును నిన్ను విడిచిపోవుదురని హెచ్చరించెను. రాజ్యపాలన దృష్టితో చూచినచో ఆ మాటలలో సత్యము లేకపోలేదు. దావీదు లేచి గుమ్మములో కూర్చుండెను. అయితే అబ్షాలోము గుండెలో బాణములు గుచ్చినవాడును ఆ యోవాబే. అతనికి జయము కావలెను, రాజు కావలెను. రాజులోని తండ్రి మాత్రము అడ్డుగా కనబడెను.

అభిమానులలో యోవాబులు లేకపోలేదు. 2022 డిసెంబరులో ఖతర్ దేశమున జరిగిన ప్రపంచకప్పులో స్పెయిన్ మొరాకో చేతిలో ఓడిపోగా, మూడేండ్ల క్రిందట తనతో ఏడ్చిన దేశమునందే లూయిస్ ఎన్రికే తీవ్రవిమర్శకు గురియై పదవిని విడిచెను. ఆటను విమర్శించుట పాపమని నేననను. కాని మన ప్రేమ గెలుపునకు కట్టబడినదా, మనుష్యునికి కట్టబడినదా అని ప్రశ్నించుకొనుట మేలు. సంఘములోను అట్లే. కాపరి భార్య మరణించిన పదియవ దినమునకే రాబోవు ఆదివారపు ఆరాధనను గూర్చి అడుగువారున్నారు. ఉపాధ్యాయుడు, వైద్యుడు, పెద్ద, ఎవరైనను సరే, మనకు సేవచేయువారికి గుండె కలదని మనము మరచుచున్నాము.

ఇచ్చట మరియొక తండ్రిని జ్ఞాపకము చేయుదును. అమెరికా దేశమున ఇండియానాపోలిస్ కోల్ట్స్ అను జట్టునకు అప్పట్లో శిక్షకుడుగానుండిన టోనీ డంజీ బహిరంగముగా క్రీస్తును ఒప్పుకొను విశ్వాసి. 2005 డిసెంబరు 22న, క్రిస్మసు మూడు దినములుండగా, పదునెనిమిదేండ్ల ఆయన కుమారుడు ఆత్మహత్యచేత మరణించెను. ఆటల కాలము ముమ్మరముగా సాగుచుండగానే జట్టువారు టాంపా నగరమునకు వెళ్లి ఆ సమాధి ఆరాధనలో కూర్చుండిరి. అట్టి మరణము మన విశ్వాసుల యిండ్లలో సంభవించినప్పుడు, ప్రియులారా, మనము ఎట్లు వర్తించుచున్నాము? తలిదండ్రుల పెంపకమును తూకమువేసి, గుసగుసలాడి, ప్రార్థన చేయుటకును జంకి దూరముగా నిలిచిన సందర్భములు లేవా? తీర్పు తీర్చు అధికారము మనకియ్యబడలేదు. ప్రక్కన కూర్చుండు అధికారము మాత్రము మనకియ్యబడినది.

మూడవదిగా జ్ఞాపకము.

మ్యూనిక్ అభిమానులు చేసినదానిలో నన్ను అధికముగా కదిలించినది దాని కాలము. మరణము 2019లో, ఆ వస్త్రము విప్పబడినది 2025లో. తొలిదినమున ఏడ్చుట సులభము, ఆరవ సంవత్సరమున తలంచుట కష్టము. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు సంతోషించువారితో సంతోషించుటను, దుఃఖించువారితో దుఃఖించుటను ఒకే మాటలో కలిపి చెప్పుచున్నాడు. అవి రెండు వేరు వేరు దినములకు చెందినవని మనమనుకొందుము. కాని బిడ్డను పోగొట్టుకొనిన వానికి ఆ రెండును ఒకే దినమున వచ్చును. పెండ్లిదినమున, గృహప్రవేశ దినమున, పరీక్షాఫలితముల దినమున ఆ ఖాళీస్థలము అందరికంటె ముందుగా వచ్చి కూర్చుండును. ఆ అభిమానులు దానిని చూచిరి. సంతోషమును ఆపలేదు, దుఃఖమును దాచలేదు.

లూయిస్ ఎన్రికే 2024లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో తన తల్లిని గూర్చి చెప్పెను. ఆమె దుఃఖమును సహింపలేక మనుమరాలి ఫొటోలను ఇంటిలో ఉంచుకొనలేకపోయెను. కుమారుడు చూచి, ఆ ఫొటోలను తప్పక పెట్టవలెననెను. విజయరాత్రియందును ఆయన చెప్పినదేమనగా, కుమార్తెను తలంచుటకు తనకు గెలుపు అవసరము లేదు, ఓడినప్పుడును ఆమె తమతోనే యున్నది. మరణించినవారి పేరు పలికినచో ఇంటివారికి నొప్పి కలుగునని మనము భయపడుదుము. ఆ నొప్పి ఎన్నడును పోలేదు. మనము పేరు పలుకకపోవుటచేత వారు ఆ నొప్పిని ఒంటరిగా మోయుచున్నారు, అంతే భేదము.

నేను చెప్పిన ఆ గ్రామపు తల్లి, నన్ను సాగనంపుచు గుమ్మమువద్ద మరియొక మాట చెప్పెను. "ఇప్పుడు మా పాప పేరు ఎవరూ ఎత్తరండి, అయ్యగారూ. నాకు బాధ కలుగుతుందని. మీరు ప్రార్థనలో ఒక్కసారి దాని పేరు అనండి." ఆ వాకిటనే నిలిచి, దేవుడిచ్చిన ఆరు సంవత్సరములకై ఆ బిడ్డ పేరు పెట్టి స్తోత్రము చెల్లించితిని. నలువది నిమిషముల ప్రసంగము చేయలేనిది ఆ ఒక్క పేరు చేసెను. ఆమె ఏడ్చెను, నవ్వెను కూడ.

అయితే మానవుల ఆదరణకు ఒక హద్దు కలదు. ఎంత గొప్ప వస్త్రమైనను దానిని రాత్రికి మడువవలెను. జనసమూహము బొమ్మను చూపగలదు గాని బిడ్డను ఇయ్యలేదు. నాయీను ఊరి విధవరాలితోకూడ ఆ ఊరివారు అనేకులు సమాధివరకు నడచుచుండిరి. వారి ప్రేమ నిజమైనదే, కాని దానికి తెలిసిన త్రోవ సమాధివరకే. గుమ్మమునొద్ద ఎదురువచ్చిన ప్రభువు కనికరపడి, పాడెను ముట్టి, ఆ చిన్నవానిని తల్లికి అప్పగించెను. లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ఆయన మొదట కన్నీరు విడిచెను. నిరీక్షణగలవారు ఏడువరాదని చెప్పువారు ఆ కన్నీటిని మరచుచున్నారు. నిరీక్షణ లేని యితరులవలె దుఃఖపడవద్దని అపొస్తలుడు చెప్పెను గాని దుఃఖమే వద్దని చెప్పలేదు. తన సొంత కుమారుని మనకొరకు అప్పగించిన తండ్రికి, బిడ్డను పోగొట్టుకొనిన గుండె ఎరుగని సంగతి కాదు.

చదువరీ, ఈ యేడు నీకెరిగిన యిండ్లలో ఒక యిల్లు జ్ఞాపకము చేసికొనుము. అచ్చట మరణము సంభవించి రెండేండ్లో అయిదేండ్లో అయియుండును. ఆదరణ కూడికలు ముగిసి చాలకాలమైనది. ఆ దినము తిరిగి వచ్చినప్పుడు వెళ్లుము. పెద్ద మాటలు సిద్ధపరచుకొనకుము. కూర్చుండుము. వెళ్లిపోయిన వారి పేరు ఒక్కసారి ప్రేమతో పలుకుము. ఫుట్‌బాల్ చూడవచ్చిన జనులు చేయగలిగినదానిని క్రీస్తు శరీరమైన సంఘము చేయలేకపోవలెనా?

ప్రార్థన: కనికరముగల తండ్రీ, మేము మాటలాడకూడని చోట మాటలాడి, మౌనముగా ఉండకూడని చోట మౌనముగా ఉన్నాము. మమ్మును క్షమించుము. మాకు సేవచేయువారి యింటి దుఃఖమును చూచు కన్నులను మాకిమ్ము. మరచిపోబడిన పేర్లను ప్రేమతో పలుకు నోటిని దయచేయుము. సమాధివరకు మాతో నడచి, దానిని దాటి మమ్మును నడిపించు నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.