తిరిగొచ్చే దారి

స్విట్జర్లాండ్‌లోని ఎగువ ఎంగడీన్ లోయలో, సముద్రమట్టానికి 1,791 మీటర్ల ఎత్తున సిల్వాప్లానా సరస్సు ఉంది. పరుగెత్తేవారూ, రెండు చేతులా కర్రలు పట్టుకుని నార్డిక్ నడక సాగించేవారూ దాన్ని చుట్టి వస్తుంటారు. ఆగ్నేయపు ఒడ్డున దారి లార్చ్, పైన్ చెట్ల మధ్యగా సుర్లెయ్ గ్రామం వైపు సాగుతుంది. అవతలి ఒడ్డున మోటారు రోడ్డు రొద తప్పదు. వేసవి మధ్యాహ్నాల్లో మలోయా కనుమ నుంచి గాలి కొడుతుంది. కొండలోయల్లో పగటిగాలి మామూలుగా కింది నుంచి పైకి వీస్తే, ఇక్కడ పై నుంచి కిందికి వీస్తుంది. అందువల్ల చుట్టు తిరిగేవారికి ఒక ఒడ్డున ఎదురుగాలి, రెండో ఒడ్డున వెన్నుగాలి. కర్రల నడక ఫిన్లాండ్‌లో స్కీయింగ్ క్రీడాకారుల వేసవి సాధన నుంచి వచ్చింది. ఈ లోయకు అది కొత్త అనిపించకపోవడం సహజమే. చలికాలంలో గడ్డకట్టిన ఇదే సరస్సు మీదుగా 1969లో మొదలైన ఎంగడీన్ స్కీ మారథాన్ సాగుతుంది.

బయలుదేరిన చోటికే చేర్చే నడక వల్ల ఒరిగేదేమిటి? ఆరోగ్యం అని చెప్పడం తేలిక. అది గదిలోని యంత్రం మీద నడిచినా వస్తుంది కనుక ఆ జవాబు ప్రశ్నను దాటవేస్తుంది. అరిస్టాటిల్ తన ‘మెటాఫిజిక్స్’లో మనిషి చేసే పనులను రెండు రకాలుగా విడదీశాడు. ఇల్లు కట్టడం పూర్తయ్యేదాకా అసంపూర్ణం, పూర్తయ్యాక ఇక లేదు. చూడటం, ఆలోచించడం, చక్కగా బతకడం జరుగుతున్న ప్రతి క్షణంలోనూ సంపూర్ణమే. నడకను ఆయన మొదటి రకంలో చేర్చాడు. ఒక నడకను మరో నడక నుంచి వేరు చేసేది ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నదేనని ‘నికోమాకియన్ ఎథిక్స్’లో వివరించాడు. సరస్సు చుట్టూ తిరిగే నడకకు ఈ కొలత పూర్తిగా పట్టదు. చుట్టులోని ప్రతి ముక్కకూ మొదలూ చివరా ఉన్నాయి కదా అని అరిస్టాటిల్ తరఫున వాదించవచ్చు. కానీ ఆ ముక్కలన్నీ కలిపి చేరవలసిన చోటంటూ ఏదీ లేదు. గుడి ప్రదక్షిణలోనూ, మానససరోవర పరిక్రమలోనూ చుట్టుకు అర్థమిచ్చేది మధ్యలోని పవిత్రత. సిల్వాప్లానా మధ్యలో ఉన్నది నీళ్లే.

ఈ దారి మీదే 1881 ఆగస్టులో తత్వవేత్త ఫ్రెడ్రిక్ నీషేకు నిత్య పునరావృత్తి ఆలోచన తట్టింది. బాసెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని అనారోగ్యంతో 1879లో వదులుకున్న ఆయన, ఆ వేసవిలో పక్కనున్న సిల్స్ మరియాలో చిన్న గది అద్దెకు తీసుకున్నాడు. తలనొప్పులు, మసకబారిన చూపు. అయినా రోజూ గంటల తరబడి నడక. సుర్లెయ్ దగ్గర పిరమిడ్ ఆకారపు పెద్ద బండ పక్కన ఆగినప్పుడు ఆ ఆలోచన వచ్చిందని ‘ఎక్కె హోమో’లో రాశాడు. మనిషికీ కాలానికీ ఆరువేల అడుగుల అవతల అని ఆనాటి కాగితం మీద గుర్తు పెట్టుకున్నాడట. అడుగుల లెక్క గొప్పకు రాసింది కాదు. సరస్సు ఎత్తు దాదాపు అంతే.

1882 నాటి ‘ద గే సైన్స్’లో ఈ ఆలోచన ఒక పరీక్షగా వచ్చింది. బతికిన బతుకునే, చిన్న బాధ కూడా మారకుండా, లెక్కలేనన్ని సార్లు మళ్లీ బతకాలని ఒక భూతం వచ్చి చెబితే మనిషి కుప్పకూలతాడా, కావాలంటాడా? నోటుపుస్తకాల్లో మాత్రం నీషే దీన్ని భౌతిక సత్యంగా నిరూపించబోయాడు: శక్తి పరిమితం, కాలం అనంతం, కనుక ప్రతి అమరికా తిరిగి రావాలి. ఈ నిరూపణ నిలవదు. తత్వవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1907లో ఒకే ఇరుసు మీద తిరిగే మూడు సమాన చక్రాలతో దీన్ని తిప్పికొట్టాడు. రెండోది మొదటిదానికి రెట్టింపు వేగంతోనూ, మూడోది మొదటి వేగాన్ని పై (π)తో భాగిస్తే వచ్చే వేగంతోనూ తిరిగితే, మొదట ఒకే వరసలో ఉన్న మూడు గుర్తులు ఇక ఎన్నటికీ ఆ వరసలోకి రావు. మూడే చక్రాలకు సాధ్యం కాని పునరావృత్తి విశ్వానికి తప్పనిసరి ఎలా అవుతుంది?

విశ్వం సంగతి వదిలినా పరీక్ష మిగులుతుంది. వేదాంతంతో దానికి పేచీ ఇక్కడే. పుట్టుక, చావుల చక్రాన్ని వేదాంతమూ ఒప్పుకుంటుంది. అయితే దాన్ని బంధమంటుంది, జ్ఞానంతో బయటపడమంటుంది. వేదాంత దర్శనంపై 1883లో గ్రంథం వెలువరించిన పాల్ డోయిసెన్ నీషేకు చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు. 1887లో సిల్స్ మరియాకు వచ్చి ఆయన్ను చూశాడు కూడా. నీషే దృష్టిలో బయటపడాలన్న కోరికే బతుకు మీది విసుగుకు గుర్తు.

ఈ మాటను ఎవరు ఎవరితో అంటున్నారన్నది ముఖ్యం. సెలవులో వచ్చి సరస్సు చుట్టేవాడు తిరుగుడును కోరి ఎంచుకున్నాడు, అలసిపోతే మానేయగలడు. అదే దారిలో బరువులు మోసి పొట్ట పోసుకునేవాడికి ఆ వెసులుబాటు లేదు. మళ్లీ మళ్లీ ఇదే కావాలా అని అతణ్ని అడగడం క్రూరత్వమవుతుంది. నీషే రోగిగా ఉండి తనను తాను ప్రశ్నించుకున్నాడు కాబట్టి ఆ నింద ఆయనకు అంటదు. ఆయన పుస్తకంలోని భూతం కూడా జనసమూహం దగ్గరికి రాదు, ఒంటరిగా ఉన్న ఒక్క మనిషి దగ్గరికే వస్తుంది. పరీక్ష చెల్లేది అక్కడే. పక్కవాడి కష్టానికి అది జవాబు కాదు.