వడ్లు దొరకనప్పుడు, రిమోట్ పోయినప్పుడు

వనపర్తిలో టీవీ రిమోట్లు అమ్మే ఏ చిన్న దుకాణం దగ్గరైనా ఒకటే మాట వినబడుతుంది. పగిలిన రిమోట్‌ను ముందు పెట్టి, "అన్నా, అచ్చం గిట్లాంటిదే ఇయ్యి" అంటారు. దుకాణదారు దాన్ని పెద్దగా పట్టించుకోడు. "టీవీ ఏ కంపెనీ? ఎనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటది, ఫోటో కొట్టుకొని రా" అంటాడు. కొనేవాడి ధ్యాస రూపం మీద, అమ్మేవాడి ధ్యాస పని మీద. అసలు వస్తువు లేనప్పుడు దాని చోట ఏది నిలబడగలదు, దేని బలంతో నిలబడుతుంది? ఈ ప్రశ్నను వేదకర్మల విధులను విచారించే మీమాంసకులు రెండు వేల ఏళ్ల కిందటే యజ్ఞశాలలో వేసుకున్నారు. వాళ్ల మూలగ్రంథమైన జైమిని సూత్రాల పన్నెండు అధ్యాయాల్లో ఆరోదాని మూడో పాదంలో ఎక్కువ భాగం ఈ 'ప్రతినిధి' విచారమే.

పండితసభలకు పేరుపడి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న సంస్థానం వనపర్తికి పక్కనే. శాస్త్రచర్చ ఈ నేలకు కొత్తది కాదు. అయితే ఈ ప్రతినిధి విచారం యజ్ఞాలు చేసేవాళ్లకే పరిమితమని అనుకోవడం మాత్రం పొరపాటు.

యజ్ఞానికి వడ్లు కావాలని విధి. వడ్లు దొరకలేదు. నిత్యకర్మ కనుక మానడానికి వీల్లేదు. అప్పుడు నీవారాలు, అంటే విత్తకుండా మొలిచే అడవి వడ్లు, వాడవచ్చు. ఎందుకు వాడవచ్చో జైమిని సూత్రాలకు శబరస్వామి రాసిన భాష్యం చెప్పే తీరు చాలా లోతైనది. వడ్లలో ఉన్న అంశాలు చాలావరకు నీవారాల్లోనూ ఉన్నాయి. కాబట్టి చేసేవాడు నీవారాలను కోరుకోవడం లేదు, దొరికినంత మేరకు వడ్లనే పోగుచేసుకుంటున్నాడు. అందుకే మంత్రంలో వడ్ల పేరున్న చోట నీవారాల పేరు పెట్టి మార్చరు. వస్తువు మారింది, మాట మారలేదు.

రిమోట్ లోపల జరిగేది ఇదే. మీట నొక్కగానే ముందున్న చిన్న దీపం కంటికి కనబడని పరారుణ కాంతిని వెలిగించి ఆర్పుతుంది, చాలా రిమోట్లలో సెకనుకు 38 వేలసార్లు. ఆ మినుకుల వరుసలోనే సందేశం ఉంటుంది. ఎక్కువగా వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో ఒక్కో సందేశానికి 32 బిట్లు. అందులో సగం 'ఎవరికి' అని చెప్పే చిరునామా, సగం 'ఏం చెయ్యాలి' అని చెప్పే ఆజ్ఞ. చిరునామా తనది కాకపోతే టీవీ పలకదు. పెట్టె నల్లదా తెల్లదా, మీటలు రబ్బరువా ప్లాస్టిక్‌వా అన్నది దానికి అనవసరం. సంకేతం సరిపోతే వంద రూపాయల రిమోట్ మాటా వింటుంది. సరిపోకపోతే అచ్చు గుద్దినట్టున్న రిమోట్‌కు కూడా కదలదు.

పోలిక ఉంటే చాలదని జైమినికీ తెలుసు. పెసలు కావలసిన చోట మినుములు చూడ్డానికి దగ్గరివే. కానీ మినుములు యజ్ఞానికి పనికిరావని శ్రుతి నిషేధించింది కనుక, ఎంత పోలిక ఉన్నా వాటిని ప్రతినిధిగా తీసుకోకూడదు. దుకాణంలో గోడకు వేలాడే రిమోట్లలో ఇలాంటి మినుములు చాలానే ఉంటాయి. స్మార్ట్ టీవీల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మైకు బొమ్మ ఉన్న మీట సాధారణంగా బ్లూటూత్ మీద పనిచేస్తుంది. అందుకు రిమోట్‌ను ఆ టీవీతో జతచేయాలి. ఆ సౌకర్యం లేని నకలుతో శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది, మైకు మాత్రం మూగగానే ఉంటుంది.

అదే పాదంలో మరో సూక్ష్మమైన ప్రశ్న ఉంది. వడ్లకు బదులు నీవారాలు తెచ్చారు, అవీ పాడయ్యాయి. ఇప్పుడు నీవారాలను పోలినది వెతకాలా, వడ్లను పోలినదా? వడ్లనే చూడాలని తీర్పు. ప్రతినిధికి ప్రతినిధి ఉండదు, పోలిక ఎప్పుడూ అసలుతోనే. ఎన్నో ఇళ్లలో ఈ తీర్పుకు విరుద్ధంగా జరుగుతుంది. డూప్లికేట్ రిమోట్ చెడితే ఆ డూప్లికేట్‌నే పట్టుకుని బజారుకు పోతారు, దానికి మరో డూప్లికేట్ తెస్తారు, ఒక్కో విడతలో రెండు మీటలు పోతూ ఉంటాయి. దుకాణదారు టీవీ వెనక నంబర్ అడిగింది ఇందుకే.

ఇంతకీ దేనికి ప్రతినిధి లేదు? దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రానికి లేదు, క్రియకు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, యజమానికి, అంటే ఆ కర్మ ఎవరిదో అతనికి, లేదు. హోమం చేసే ఋత్విక్కులు మారవచ్చు, వాళ్లు దక్షిణ తీసుకుని పని చేసేవాళ్లే. కానీ 'ఇది నాది కాదు' అని వదులుకునేవాడు మారితే ఆ కర్మ అతనిది కాకుండా పోతుంది. పదిహేడు మందికి తగ్గకుండా యజమానులు కూర్చునే సత్రయాగంలో ఒకరు మధ్యలో చనిపోతే, లెక్క నింపడానికి మరొకరిని కూర్చోబెట్టవచ్చు. అతను పని చేస్తాడు, ఫలం మాత్రం అతనికి రాదు.

చోటు సంగతి వేరు, అది మారవచ్చు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. యాదగిరిగుట్ట స్వామి 2016 నుంచి 2022 మార్చి 28 దాకా బాలాలయంలో పూజలందుకున్నాడు. గుడి కదిలింది, పూజ ఆగలేదు. ఆ స్వామి బదులు మరో స్వామిని పెట్టుకుందామని ఎవరూ అనలేదు.

ఈ విచారం నేడు తగిలేది ఇంకొక చోట. 2020లో కొవిడ్ రోజుల్లో తిరుమల దేవస్థానం కల్యాణోత్సవాన్ని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. తర్వాత తెర మీద పూజ మామూలైంది. పాలమూరు నుంచి ముంబైకి, పూణేకి పనికి పోయిన కొడుకులు నాయన తద్దినాన్ని ఫోన్‌లో చూస్తున్నారు. ఇది చెల్లుతుందా అని కొందరు బాధపడతారు, కొందరు ఈసడిస్తారు. ఈసడించడం అన్యాయం. మీమాంస కొలతతో చూస్తే తెర అడ్డం కాదు, దూరం అడ్డం కాదు, ఊళ్లో పురోహితుడు చేతులు కదపడమూ అడ్డం కాదు. ఆ సమయానికి కొడుకు ఉన్నాడా, తన నోటితో సంకల్పం చెప్పాడా, తన కష్టార్జితంలోంచి ఇచ్చాడా అన్నదే చూడాలి. డబ్బు పంపేసి, ఫోన్ పక్కన పెట్టి, ఫోటోలు సాయంత్రం చూసుకుంటే అక్కడ లేనిది వస్తువు కాదు, యజమాని.

సెలవు దొరకలేదా, రైలు టికెట్టు దొరకలేదా, ఫర్వాలేదు. దర్భలు, నువ్వులు, బియ్యం, చివరికి పురోహితుడు కూడా దొరికినంతలో సర్దుకోవచ్చు. ఆ అరగంట మాత్రం పని పక్కన పెట్టి ఫోన్ ముందు కూర్చోండి, సంకల్పం మీరే చెప్పండి.