దేహాలయ జీర్ణోద్ధారణ

ఆలయం శిథిలమైనప్పుడు పెద్దలు దానిని విడిచిపెట్టరు, జీర్ణోద్ధారణ చేస్తారు. గర్భాలయంలో పని మొదలు కావలెనంటే ముందుగా బాలాలయం ఏర్పరచి, మూలమూర్తి శక్తిని కుంభంలోనికి ఆవాహన చేసి, నిత్యారాధన అక్కడ జరుపుతారు. ఆ తరువాతనే శిల్పి ఉలి పట్టుకొంటాడు. పని ముగిసిన పిమ్మట సంప్రోక్షణ జరిపి శక్తిని తిరిగి మూలమూర్తిలోనికి చేరుస్తారు. తిరుమల శ్రీవారి ఆలయంలో 12 సంవత్సరాల కొకమారు జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం 2018 ఆగస్టులో ఈ క్రమంలోనే జరిగింది. అంతటితో పని తీరినదని చేతులు దులుపుకొనే ఆచారం లేదు. పెక్కు ఆలయాలలో కుంభాభిషేకం తరువాత 48 దినాలు మండలాభిషేకం సాగుతుంది. ఉలిపని కొద్దికాలమే, దానికి ముందూ వెనుకా జరిగే ఆరాధనయే ఎక్కువ.

దేహం దేవాలయమనే మాట అందరి నోటా ఉన్నదే. అయితే ఆ దేవాలయానికి జీర్ణోద్ధారణ అవసరమైన నాడు, అనగా శస్త్రచికిత్స తప్పదని వైద్యుడు చెప్పిన నాడు, ఆ మాటను తలచుకొనేవారు తక్కువ. కత్తి పట్టేది వైద్యుడు గాన భారమంతా వైద్యునిదే అని కొందరు, భగవంతునిదే అని మరికొందరు అనుకొంటారు. ముందు చేయవలసిన ఆరాధన, వెనుక చేయవలసిన ఆరాధన రోగి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్నవని గ్రహించరు.

పులికాట్ సరస్సు చెంతనున్న తడ వంటి ఊరిలో ఈ సంగతి తరచు ఎదురవుతుంది. నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ సరిహద్దు ఊరికి ఉత్తరాన సూళ్లూరుపేట, దక్షిణాన తమిళనాడు. పెద్ద చికిత్స అవసరమైతే కొందరు చెన్నై రైలెక్కుతారు; కొందరు నెల్లూరికో, తిరుపతికో వెళ్తారు. బయలుదేరే ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ పరమేశ్వరికి మొక్కుకొని కుంకుమ తెచ్చుకోవడం కద్దు. అది మంచి ఆచారమే. కాని ఆ కుంకుమతోపాటు ఏమి తీసుకొనిపోవలెను, ఏమి విడిచిపోవలెను అన్నదే తెలుసుకోవలసిన విషయం.

భగవంతుని నమ్మినవాడు కత్తికి ఒడ్డుకోవడం విశ్వాసలోపమా అని శంకించేవారు ఉన్నారు. రామాయణం ఈ శంకను తీరుస్తుంది. యుద్ధభూమిలో లక్ష్మణుడు శక్తి తగిలి పడిపోయినప్పుడు సాక్షాత్తు శ్రీరాముడు శోకించాడు. కాని సుషేణుడు పరీక్షించి, ప్రాణమున్నదని ధైర్యం చెప్పి, ఓషధుల కొరకు హనుమంతుని పంపగా అడ్డు చెప్పలేదు. ఆ నాలుగు ఓషధుల పేర్లు గమనింపదగినవి. గుచ్చుకొన్నదానిని వెలికితీసేది విశల్యకరణి, తెగినదానిని అతికించేది సంధానకరణి, చర్మానికి పూర్వపు వన్నె తెచ్చేది సావర్ణ్యకరణి, ప్రాణం నిలిపేది సంజీవని. శస్త్రవైద్యుడు నేటికీ చేసే పని ఈ నాలుగే. అవతారపురుషుడే వైద్యుని మాట పాటించగా సామాన్యునికి అది అవిశ్వాస మెట్లవుతుంది?

శ్రీకాళహస్తి కన్నప్ప కథ సైతం ఇదే చెబుతున్నది. శివలింగం కంట నెత్తురు కారగా చూచిన ఆ వేటగాడు ఏడుస్తూ కూర్చుండలేదు. అడవిలోనికి పరుగెత్తి మూలికలు తెచ్చి పిండి చూచాడు. మందు పనిచేయనప్పుడే తన కన్ను పెకలించి పెట్టాడు. ఆయన భక్తి సైతం మొదట వైద్యాన్నే ఆశ్రయించిందన్నమాట. ఈ భావంతోనే ధర్మసంస్థలు వైద్యాలయాలను నెలకొల్పాయి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 1985లో ఎముకల చికిత్సకు బర్డ్ ఆసుపత్రిని, 1993లో స్విమ్స్‌ను తిరుపతిలో స్థాపించారు. కంచి పీఠాధిపతి ప్రేరణతో చెన్నైలో 1978లో శంకర నేత్రాలయం వెలసింది. హుండీలో పడిన కానుక ఒక పేదవాని కాలికి బలమైనదంటే అది స్వామి సేవ కాక మరేమిటి?

ప్రాచీన శస్త్రవైద్యానికి ఆచార్యుడైన సుశ్రుతుడు చికిత్సను మూడు భాగాలుగా విభజించాడు: పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ. నడిమిది మాత్రమే వైద్యుని కత్తిది. ముందుగా సిద్ధపరచుకోవలసినవాటిని ఎన్నుతూ, ఆయన శస్త్రాలు, దూది, దారం, కట్టుగుడ్డలతోపాటు ప్రేమ, నిలకడ, బలం కల పరిచారకులను సైతం చేర్చాడు. ఆప్తులు కూడ చికిత్సకు పరికరాలే అన్నమాట.

పూర్వకర్మలో మొదటిది సత్యం. వైద్యుని ఎదుట దాచిన మాట శరీరంలో దాగిన ముల్లు వంటిది. చుట్ట, బీడీ, మద్యం అలవాట్లు, రక్తపోటుకూ చక్కెరకూ మింగే మాత్రలు, గుండె కొరకు వాడే రక్తం పలచబరచే మందు, నాటువైద్యుడు ఇచ్చిన చూర్ణం, పూర్వం ఏ మందు పడలేదో ఆ వివరం—ఇవన్నీ పెద్దలున్నారని సిగ్గుపడక చెప్పవలెను. వాడే మాత్రలలో ఏది ఆపవలెనో, ఏది ఆపరాదో వైద్యుడే నిర్ణయిస్తాడు. స్వయంగా ఆపడం అపాయం. పొగత్రాగడం కనీసం నాలుగు వారాల ముందుగా మానితే ఊపిరితిత్తులకూ, గాయం మానడానికీ ఎంతో మేలు. మాల వేసుకొని 41 దినాలు నియమం పాటించగల మనిషికి ఇది సాధ్యం కాని వ్రతం కాదు.

రెండవది సమ్మతి. సంతకం పెట్టే పత్రం ఆంగ్లంలోనో, తమిళంలోనో ఉంటే తడ ప్రాంతపు రోగి తెలుగులో వివరించమని అడగడానికి సంకోచించనక్కరలేదు. ఏ భాగానికి చికిత్స, ఏ మత్తు, ఏమి లాభం, ఏమి అపాయం, ఎన్నాళ్లకు పని చేసుకోవచ్చును అని తెలిసికొని చేసిన సంతకమే సంకల్పం. సంకల్పం చెప్పుకోకుండా పూజ మొదలుపెట్టరు గదా. ఇక ముహూర్తం మాట. వేచియుండదగిన చికిత్సకు మంచిరోజు చూచుకోవచ్చును. కాని పేగు మెలిపడినప్పుడూ, నెత్తురు కారుతున్నప్పుడూ పంచాంగం తెరవరాదు. ఆపదలో వైద్యుడు చెప్పిన క్షణమే శుభముహూర్తం.

మూడవది, అన్నింటికంటె సున్నితమైనది, ఉపవాసం. చికిత్స నాటి ఉదయం ఆసుపత్రి వరండాలో ఒక నాయనమ్మ కొంగుముడి విప్పి లడ్డు తుంచి, "స్వామి ప్రసాదం నాయనా, కళ్లకద్దుకొని నోట్లో వేసుకో, ఏమీ కాదు" అంటుంది. ఆ ప్రేమను కాదనడం మనుమనికి కష్టం. ప్రసాదాన్ని కాదనడం ఇంకా కష్టం. కాని మత్తులో మనిషికి మింగే శక్తి, దగ్గే శక్తి తగ్గిపోతాయి. కడుపులో ఉన్నది గొంతులోనికి ఎగదన్ని ఊపిరితిత్తులలో పడితే ప్రాణాపాయం. అందుకే సాధారణంగా ఘనాహారం కనీసం 6 గంటల ముందుగా, మంచినీరు 2 గంటల ముందుగా ఆపుతారు. ఎవరికి ఎంతో ఆసుపత్రివారు చెప్పినదే ప్రమాణం. ఉదరం, అర్శస్సు, నోటి వ్యాధుల వంటి కొన్నింటికి పరగడుపుననే శస్త్రకర్మ చేయవలెనని సుశ్రుతుడు సైతం విధించాడు.

ఏకాదశినాడు అన్నం ముట్టని భక్తునికి ఈ ఉపవాసం కొత్త కాదు. ఆ నాయనమ్మ ప్రసాదాన్ని మనుమని కళ్లకద్ది తిరిగి ముడివేసుకోవచ్చును. చికిత్స అయిన తరువాత వైద్యుడు అనుమతించిన మొదటి ముద్ద అదే కావచ్చును. ఒకవేళ పొరపాటున తింటే ఆ సంగతి వెంటనే చెప్పవలెను. చికిత్స వాయిదా పడడం నష్టం కాదు, దాచిపెట్టడమే ప్రమాదం. ప్రసాదం తిన్నానని చెప్పలేక మత్తుబల్లపై పడుకొన్నవాడు భగవంతుని పరీక్షిస్తున్నాడే గాని సేవించడం లేదు.

ఆభరణాల విషయంలోను ఇట్టి తడబాటే కలుగుతుంది. మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక తీయమనగానే ఇల్లాలి కళ్లు చెమర్చుతాయి. కాని నెత్తురు ఆపడానికి వాడే విద్యుత్ పరికరం వలన ఒంటిమీది లోహం వద్ద చర్మం కాలవచ్చును. వాచిన వేలికి ఉంగరం బిగుసుకోవచ్చును. పసుపుతాడు ఉంచుకోవచ్చునా అని ముందే అడుగవచ్చును. కాదంటే భర్త చేతికి ఇచ్చి వెళ్లవచ్చును. మాంగల్యం క్షేమంలో ఉన్నది. గోరింటాకు, గోళ్లరంగు కూడ వద్దంటారు. నెత్తురులోని ప్రాణవాయువును కొలిచే పరికరం వేలికే తగిలిస్తారు. ముందురోజు సబ్బుతో స్నానం చేయవలెను గాని, ఇంటివద్ద కత్తితో వెంట్రుకలు గీసుకోరాదు. కంటికి కనిపించని చిన్న గాట్లు చీముకు దారులవుతాయి.

ఇక ప్రధానకర్మ. అక్కడ రోగి చేయగలిగినది శరణాగతి ఒక్కటే. అది భయంతో కూడిన లొంగుబాటు కాదు. చేయవలసినదంతా చేసి అప్పగించడం. నిద్రించినవాని శ్వాసను కనిపెట్టి కూర్చునే మత్తువైద్యుని విద్య వెనుక తెలుగునేల చరిత్ర కూడ కొంత ఉన్నది. క్లోరోఫారం మత్తు ఎంతవరకు క్షేమమో పరిశోధించడానికి 1888లోను, 1889లోను హైదరాబాదులో సంఘాలు ఏర్పడ్డాయి. ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు ఆ కృషికి పూనుకొనగా ఆరవ నిజాం ప్రభుత్వం ధనసహాయం చేసింది. గుండె విషయమై వారి నిర్ణయాలను తరువాతి శాస్త్రజ్ఞులు సవరించినప్పటికీ, శ్వాసను ఏమరక గమనించవలెనన్న వారి హెచ్చరిక విలువైనది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేర్కొనబడే రూపాబాయి ఫర్దూన్జీ సైతం ఆ నగరంలో చదివినవారే. రోగి నిద్రించినా అతని ఊపిరిని లెక్కించే ఒకరు మేల్కొని ఉన్నారన్న ఎరుక ధైర్యాన్నిస్తుంది.

పశ్చాత్కర్మలో తొలిపాఠం నడక. కోసిన ఒంటిని కదిలించరాదని పెద్దలు మంచానికే అంటిపెట్టి ఉంచాలని చూస్తారు. కాని కదలిక లేని కాళ్లలో నెత్తురు గడ్డకట్టవచ్చును. లోతుగా గాలి పీల్చని ఊపిరితిత్తులలో కఫం చేరి జ్వరం రావచ్చును. కనుక వైద్యుడు అనుమతించగానే లేచి కూర్చుండడం, పట్టుకొని నాలుగడుగులు వేయడం మంచిది. కడుపుపై దిండు అదిమిపట్టుకొని దగ్గితే నొప్పి తగ్గుతుంది. నామజపం చేసేవారు ఒక్కొక్క నామానికి ఒక్కొక్క దీర్ఘశ్వాస తీస్తే జపమూ, చికిత్సా ఒక్కటిగా సాగుతాయి.

రెండవ పాఠం పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, చారుమెతుకులతో రోగిని నీరసపరచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తెగిన కండ తిరిగి అతుకుకోవడానికి మాంసకృత్తులు కావలెను. పప్పు, పాలు, పెరుగు, అలవాటున్నవారికి గుడ్డు, చేప—ఇవే ఆ సంధానకరణికి సామగ్రి. గాయపడినవానికి కొన్ని ధాన్యాలు వద్దన్న సుశ్రుతుడే పెసలకట్టును హితమని చెప్పాడు. మూత్రపిండాల జబ్బు, చక్కెరవ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి తినవలెను.

మూడవది శుచి. గాయంపై విభూతి, పసుపు, ఆకుపసరు పెట్టరాదు. విభూతికి నుదురు ఉన్నది. కట్టును తొందరపడి విప్పరాదని సుశ్రుతుడు హెచ్చరించాడు. గాయపడినవాని ఇల్లు శుభ్రంగా ఉండవలెననీ, ప్రియంగా మాట్లాడే మిత్రులు కథలు చెప్పి నొప్పి మరపించవలెననీ కూడ అన్నాడు. ఆయన కోరినది మిత్రులనే గాని జనసమూహాన్ని కాదు. వచ్చినవారు చేతులు కడుగుకొని, నాలుగు మంచిమాటలు చెప్పి, త్వరగా సెలవు తీసుకోవడమే పరామర్శ. "మా ఊళ్లో ఒకాయనకు ఇట్లాగే చేసి..." అని మొదలయ్యే కథ మంచం దగ్గర చెప్పరానిది. జ్వరం, గాయం చుట్టూ ఎరుపు, దుర్గంధం, చీము కనిపిస్తే ఆసుపత్రికి ఆనాడే కబురు చేయవలెను. పిక్క వాచినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆగక ఆసుపత్రికి చేరవలెను. నొప్పి తగ్గినదని మందును నడుమ ఆపరాదు.

నాలుగవది సహనం. గాయం పైకి మానినప్పటికీ లోపల గట్టిపడేవరకు శ్రమను, కోపాన్ని, భయాన్ని విడువవలెనని సుశ్రుతుని ఉపదేశం. కుట్లు విప్పగానే బిందె ఎత్తిన ఇల్లాలు, వలలాగడానికి సరస్సుకు దిగిన జాలరి, మొక్కు తీర్చడానికి వెంటనే కొండమెట్లు ఎక్కిన భక్తుడు—ముగ్గురూ చేసే తప్పు ఒక్కటే. ఒడ్డుకు లాగి సందులు పూడ్చిన పడవను అది ఆరకముందే నీటిలోనికి దించడని జాలరికి చెప్పనక్కరలేదు. ఆ ఎరుకనే తన ఒంటికీ అన్వయించుకొంటే చాలు. మొక్కుకు గడువు లేదు. చెంగాళమ్మ గుడికి తలుపులే లేవు. ఆలస్యంగా వచ్చిన బిడ్డకు మూసుకొనే వాకిలి అక్కడ ఎట్లుంటుంది?

ఈ దినాలలో నిద్రలేక సేవచేసే భార్యకో, కొడుకుకో, చెల్లెలికో దేవాలయానికి వెళ్లడం కుదరకపోవచ్చును. వేళకు మాత్ర ఇచ్చిన చేయి, తడబడే అడుగుకు ఆసరా అయిన భుజం మండలాభిషేకం చేస్తున్నవే. ఆ పూజ నిండిన నాడు లేచి నడిచే మనిషియే ఆ ఇంటికి సంప్రోక్షణ జరిగిన ఆలయం. అట్టి ఆలయాలలో స్వామి చిరకాలం సుఖంగా కొలువుండు గాక!