భారం దేవుడిదే, మరి చక్రాలెవరివి?

మోమిన్‌పేట్‌లో సదాశివపేట రోడ్డు మీద ట్రాక్టర్ ట్రాలీలు కట్టే షెడ్డు నాది. నా దగ్గరికొచ్చే రైతుల్లో సగం మంది నోట వినే మాట ఒకటే: "దేవుని మీద భారమేసి పోవుడే అన్నా!" టైరు అరిగినా అదే మాట, పత్తి ధర పడినా అదే మాట. నేను తప్పు పట్టను, నా నోటా వస్తుంది. కానీ బరువు ఎక్కడ పడుతోంది, ఎవరి మీద ఎంత పడుతోంది అని పొద్దస్తమానం చూసే పనిలో ఉన్నవాడిని, ఊరుకోలేను. ఆయన మీద వేసేది ఎంత? ఏ ఎత్తున తగిలించి వేస్తున్నాం?

రెండు చక్రాల ట్రాలీని విప్పి వదిలేస్తే ముందుకు వాలుతుంది. కొస కింద జాకీయో రాయో పెట్టాల్సిందే. అది లోపం కాదు, కావాలని అలా కడతాం. ఇరుసును డబ్బా నడిమికి కాకుండా కొంచెం వెనక్కి బిగిస్తాం. అప్పుడే బరువులో ఒక పాలు ముందు రింగు మీదుగా ట్రాక్టర్ హుక్కు మీద పడుతుంది. పడకపోతే ఏమవుతుందో తాండూరు బండలు తెచ్చేవాళ్లను అడగండి. బండలను నిలబెట్టి పేరుస్తారు. చూడ్డానికి డబ్బా సగం ఖాళీగానే ఉంటుంది, బరువు మాత్రం ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. దించడం సులువని అన్నీ వెనక డోరు దగ్గరే పేర్చితే రింగు పైకి తన్ని హుక్కును లేపుతుంది. ట్రాక్టర్ వెనక టైర్లకు నేల మీద పట్టు పోతుంది, బురదలో ఉన్నచోటే తిరుగుతాయి. తారు రోడ్డు మీద ట్రాలీ తోక ఊపుతుంది. పోనీ అన్నీ ముందుకు నెడితే ట్రాక్టర్ మూతి తేలికై, స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తన దారిన తాను పోతుంది.

ఇది బరువు సంగతి. ఎత్తు సంగతి ఇంతకంటే మొండిది. "హుక్కు జర మీదికి కొట్టు అన్నా, పొలంల తట్టుకుంటున్నది" అంటారు. నేను కొట్టను. లెక్క చెప్తాను. ట్రాక్టర్ లాగే బలాన్ని హుక్కు ఎత్తుతో గుణించి, ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగిస్తే, ముందు చక్రాల మీంచి ఎంత బరువు లేచిపోతుందో వస్తుంది. లాగుడు 1000 కిలోలు, హుక్కు ఎత్తు 50 సెంటీమీటర్లు, చక్రాల మధ్య 2 మీటర్లు అనుకుంటే 250 కిలోలు. అదే హుక్కు మీటరు ఎత్తుకు పోతే 500. రెండు టన్నుల ట్రాక్టర్‌కు ముందు చక్రాల మీద ఉండేదే ఏడెనిమిది వందల కిలోలు. ఇక గుంతలో దిగబడ్డప్పుడు గొలుసు వెనక ఇరుసు కంటే పైన కట్టి, క్లచ్ ఒక్కసారిగా వదిలితే, ట్రాక్టర్ మూతి లేచి డ్రైవర్ మీదే వెల్లకిలా పడుతుంది. అందుకే హుక్కు జోలికి పోకుండా, ట్రాలీ ముందు ఫ్రేము కోసి రింగునే హుక్కు ఎత్తుకు తెస్తాను. రసమట్టం పెట్టేది నింపిన ట్రాలీకే. ఖాళీగా ఉన్నప్పుడు ఏ డబ్బా అయినా బుద్ధిగానే ఉంటుంది, బరువు ఎక్కాకే కమాన్ పట్టీలు కుంగి అసలు వంపు బయటపడుతుంది.

మాకు అనంతగిరి దగ్గర. మూసీ పుట్టే ఆ గుట్ట మీది అనంత పద్మనాభస్వామి గుడిలో ఒకసారి ఒక పండితుడి ఉపన్యాసం విన్నాను. శ్రీవైష్ణవుల్లో పాత వాదం ఒకటి చెప్పారు. వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలైవాళ్లది కోతిపిల్ల పద్ధతి: తల్లి గెంతుతుంది, పిల్ల మాత్రం తల్లిని గట్టిగా పట్టుకోవాలి. పిళ్లై లోకాచార్యుల దారిలోని తెంగలైవాళ్లది పిల్లికూన పద్ధతి: కూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. ఆ పట్టు మనదా, ఆయనదా అన్న దాని మీద వందల ఏళ్లుగా గ్రంథాలు రాసుకున్నారు.

నాకు తట్టింది వేరు. పిల్లికూనైనా, కోతిపిల్లైనా కాళ్లు నేలకు తగలవు. రెండు పద్ధతుల్లోనూ మొత్తం మోత తల్లిదే, తగువంతా పట్టు గురించే. నా ట్రాలీ అలా కాదు. అంగుళం కూడా సొంతంగా కదలలేదు, ఆ విషయంలో పిల్లికూన కంటే అధ్వానం. కానీ తన బరువులో ఎక్కువ పాలు తన చక్రాల మీదే మోస్తుంది. లాగడం వేరు, మోయడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి "భారం నీదే" అంటున్నామేమో అనిపించింది.

ఉపన్యాసం అయ్యాక ఇదే అడిగాను. ఆయన నవ్వి, "స్వామి పడుకున్నదే ఆదిశేషుడి మీద. ఆ శేషుడు భూమిని మోస్తాడు. నీ ట్రాలీ ఆయనకు బరువా నాయనా?" అన్నారు. గట్టి జవాబే. ట్రాక్టర్‌కు మూతి లేస్తుందేమో కానీ అనంతుడికి లేస్తుందా?

ఆ ప్రశ్నకు జవాబు తాండూరు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో దొరికింది. అక్కడ తిరిగే పెద్ద ట్రెయిలర్లకు హుక్కుండదు. ముందు లారీ వీపు మీద గ్రీజు పూసిన గుండ్రటి ఇనుప పళ్లెం ఉంటుంది. దాన్నే ఐదో చక్రం అంటారు. ట్రెయిలర్ దాని మీద కూర్చుంటుంది. ట్రెయిలర్ అడుగున ఉన్న రెండంగుళాల మందం కింగ్‌పిన్ను ఆ పళ్లెం గాడిలోకి దూరి బిగుసుకుంటుంది. గమనించండి, బరువు పడేది పళ్లెం మీద, లాగుడు అందేది పిన్నుకు. ఒకే చోట ఉన్నా రెండు పనులూ వేరు. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, ఒక వ్యాపారి పడవను ఫోర్డ్ కారుతో లాగించడానికి ఇలాంటి బండి కట్టి సెమీ ట్రెయిలర్ అన్నాడు. సగం బండి అన్నమాట. మావాడే! ఇప్పుడు అమెరికాలో ఇల్లంత ట్రెయిలర్లను పికప్ వెనక ఇదే పద్ధతిలో తగిలించుకుని ఊళ్లు తిరుగుతారు. అక్కడా మొత్తం బరువులో 15 నుంచి 25 శాతమే ముందు బండి మీద పడేది.

ఆ పళ్లెం ఎత్తు కుదరకపోతే? లారీ ఎంత బలమైనదైనా సరే, నష్టపోయేది ట్రెయిలరే. దాని మూతి పైకెత్తి ఉంటే బరువు చాలావరకు దాని చివరి ఇరుసు మీదికి జారుతుంది, ముందు ఇరుసు దాదాపు ఊరికే తిరుగుతుంది. చివరి టైర్లు వేడెక్కి పగులుతాయి. లారీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పండితుడు చెప్పింది నిజమే, అనంతుడికి ఏమీ కాదు. అయ్యేది మనకు. నాకు తెలిసిన ఒకాయన కొడుకు ఉద్యోగం కోసం ఉన్న మొక్కులన్నీ ఒక్క ఏడాదే మొక్కాడు. పరీక్షకు చదివించడం, ఫీజు కట్టడం, పొద్దున లేపడం అన్నీ ఆ మొక్కు మీదికే నెట్టాడు. ఉద్యోగం రాలేదు. ఏళ్లుగా దీపం పెట్టిన పటాన్ని గోడ మీంచి తీసేశాడు. నమ్మకం అనే ఒక్క ఇరుసు మీదే అంత బరువు పడితే అది పగలక ఏం చేస్తుంది, పక్కన ఇంకో ఇరుసు ఖాళీగా తిరుగుతుంటే?

నాకు పని నేర్పిన ఉస్తాద్ సదాశివపేటలో ఉండేవాడు. వెల్డింగ్ కడ్డీ పట్టుకునే ముందు బిస్మిల్లా అనేవాడు, ఆ వెంటనే కళ్లకు అద్దం పెట్టుకొమ్మని తిట్టేవాడు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లా మీద భరోసా పెట్టుకోవాలని ప్రవక్త చెప్పిన సంగతి నాకు ఆయన ద్వారానే తెలిసింది. ముంబై రోడ్డు పట్టుకుని జహీరాబాద్ దాటిపోతే కర్ణాటకలో బసవకల్యాణ్ వస్తుంది. 12వ శతాబ్దంలో బసవన్న, ఆయన వెంట నడిచినవాళ్లు అక్కడ కాయకమే, అంటే చేసే పనే, కైలాసం అన్నారు. మా తాండూరు వైపు లింగాయతుల ఇళ్లలో ఇప్పటికీ ఆ మాట నడుస్తుంది. వీళ్లెవరూ దేవుడు లాగడని అనలేదు. నీ చక్రాలు నేల మీద పెట్టుకో అన్నారు, అంతే.

అయితే ఒకచోట నా వాదం ఆగిపోతుంది. మా మేనత్త పక్షవాతంతో మంచం పట్టింది. చేయి లేవదు, మాట రాదు. దండం పెట్టే వేళ్లు కూడా కదలవు కాబట్టి కోతిపిల్ల పట్టూ లేదు. ఆమె దగ్గర కూర్చుని నీ చక్రాలు నువ్వు చూసుకో అని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పకూడదు కూడా. అక్కడ తెంగలైవాళ్ల మాటే నిలుస్తుంది, పూర్తిగా. ఇరుసు విరిగిన ట్రాలీని హుక్కుకు తగిలించి ఎవరూ ఈడ్చరు. ఎత్తి లారీలో వేసుకుంటారు. అలాంటి బండి కోసం ఎవరైనా ఫోన్ చేస్తే నేను ఎత్తులు కొలవను, వికారాబాద్ క్రేనువాళ్ల నంబరు ఇస్తాను.