ఇంటిలోని సోల

పసిబిడ్డలకు అంకెలు బడిలోనే అబ్బునని అనేకులు తలంతురు. 2021లో భారత ప్రభుత్వము ఆరంభించిన నిపుణ్ భారత్ పథకము, మూడవ తరగతి ముగియులోగా ప్రతి బిడ్డకును చదువుట, లెక్కించుట రావలెనని గురి పెట్టుకొన్నది. అది మంచిదే. అయితే బియ్యము కొలుచు తల్లి ప్రక్కన కూర్చున్న బిడ్డ, 4 గిద్దలు ఒక సోల యని బడికి పోకమునుపే గ్రహించును. ఆ తల్లి బదులు తెచ్చుకొనునప్పుడు నిండుగాను, తీర్చునప్పుడు వెలితిగాను కొలిచినయెడల బిడ్డ దానినికూడ నేర్చును. అక్కడ లెక్క తప్పలేదు, న్యాయము తప్పినది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము ఇంట కూర్చుండునప్పుడు పిల్లలకు బోధింపుమనుచున్నది. 25వ అధ్యాయము అదే యింట హెచ్చుతగ్గుల కొలపాత్రలు ఉండరాదనుచున్నది. కావున బదులు తీర్చునాడు సోలను బిడ్డ చేతికే ఇచ్చి, అంచువరకు నింపనియ్యవలెను.